రెండో ఫ్రేము

మ్యూజియం వెనక గదిలో చిత్రాలకు ఫ్రేములు కట్టే వడ్రంగికి మాటకన్నా ముందు వేలు కదులుతుంది. ఏ చెక్కనైనా బొటనవేలితో తడిమి, వాసన చూసి గానీ రంపం అందుకోడు. పెన్సిలు చెవి మీదే ఉంటుంది, దాని కోసం బల్లంతా వెతుకుతాడు. పాత చిత్రాలు బాగుచేసే నిపుణుడిది పక్క గది. చుట్టరికం లేకపోయినా ఇరవై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే క్యారియరు, బావా అంటే బావా అన్న పిలుపు. వేసవిలో ఆ బావే వచ్చి, "మూడో హాల్లో పడవ బొమ్మ ఫ్రేముకి పురుగు పట్టింది బావా, అచ్చం అలాంటిదే ఇంకోటి చెయ్యి" అన్నాడు. వడ్రంగి నెల రోజులు కూర్చుని, పాతదాని మూల మీది గీతతో సహా దించాడు.

చలికాలం వచ్చేసరికి గోడ మీదున్న పడవ బొమ్మ నకిలీదని తేలింది. అసలుది పాత ఫ్రేముతో సహా మాయమైంది. విచారణకొచ్చిన అధికారి నకిలీకున్న ఫ్రేముని వడ్రంగి బల్ల మీదే పెట్టి, ఇదెవరి పనని అడిగాడు. పక్కనే నిలబడ్డ నిపుణుడు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నాకేం తెలుసండీ, ఆ వడ్రంగినే అడగండి" అన్నాడు. కాదని బుకాయిస్తే అడిగేవాడు లేడు. కానీ సొంత పనిని నాది కాదనడం వడ్రంగికి చేతకాలేదు. "చేసింది నేనేనండి. కొలతలు ఈయన రాసిచ్చాడు" అంటూ గోడకు గుచ్చి ఉన్న చీటీ తీసిచ్చాడు. చేతిరాత పోల్చి చూసుకుని నిపుణుణ్ణి తీసుకుపోయారు.

"గండం గడిచింది కదా, ఇంకా ఆ మొహమేమిటి?" అంది ఇంట్లో భార్య.

"పని పూర్తయిన రోజు, నీ చేతులకు దండం పెట్టాలి బావా అన్నాడే. ఆ మాటైనా మనసులోంచి అన్నాడంటావా?" అన్నాడు వడ్రంగి.