సీసాలో రొయ్య, దాని మీద నా సంతకం

మా రొయ్య పసుపు రంగుది కాదు. దాని నుదుట ఎర్రని చుక్క లేదు. దానికి మీసాలున్నాయి, ఒంటికి రెట్టింపు పొడవున. చెన్నపట్నంలో అచ్చయిన పుస్తకంలో ఈ మూడు సంగతులూ తప్పుగా పడ్డాయి. అంతటితో ఊరుకోకుండా, ఆ తప్పుల కింద, "ఈ వివరములను ఆ ఊరి ఉప్పు గుమాస్తా స్వయముగా చూచి ధ్రువపరచినాడు" అని వేశారు. ఆ ఊళ్లో ఉప్పు గుమాస్తా ఒక్కడే. వాణ్ణి నేనే.

నా నోటివెంట ఎన్నడూ అబద్ధం రాలేదని చెప్పను. పెళ్లయినవాణ్ణి. కానీ నా చేతిరాతలో మాత్రం ఒక్క అబద్ధం లేదు. ఇప్పుడు ఏ దేశంలో ఎవడు ఆ పుస్తకం తెరిచినా, గోదావరి సముద్రంలో కలిసే మొగలో ఒక అబద్ధాలకోరు గుమాస్తా ఉండేవాడని చదువుకుంటాడు. నాకు డెబ్బై దాటాయి. రాత్రి ఏం తిన్నానో గుర్తుండదు గానీ ఈ వ్యవహారంలో ఎవరు ఏ పూట ఏమన్నారో అంతా గుర్తుంది. అందుకని రాస్తున్నాను.

కోరంగి దాటి, మడ అడవి అయిపోయి ఇసుక మొదలయ్యే చోట సర్కారు వారి ఉప్పు కొటార్లు ఉండేవి. మళ్లలో పండిన ఉప్పు తెచ్చి ఇంటెత్తు గుట్టలుగా పోసి, తాటాకు కప్పి, ముద్ర వేసి, ఆ ముద్ర చెదరకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. నాకు ఇంగ్లీషు ఏ బడిలోనూ రాలేదు. ఉప్పు చట్టం పుస్తకం ముందేసుకుని, మాటకు మాట కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఆ పుస్తకంలో ప్రతి వాక్యమూ "ఎవడైనను" అని మొదలై "శిక్షార్హుడు" అని ముగుస్తుంది. అందుచేత నా ఇంగ్లీషులో కుశలప్రశ్నలు లేవు. మిగతాదంతా గట్టిదే.

అలాంటి చోటికి ఒక దొర వచ్చాడు. సముద్రంలో ఉన్న రొయ్యలన్నిటినీ పుస్తకంలోకి ఎక్కించడం ఆయన పని. రొయ్యను చెక్క మీద పడుకోబెట్టి కొలిచి, కాళ్లు లెక్కపెట్టి, బొమ్మ గీసి, సారా పోసిన సీసాలో వేసి మూత బిగించేవాడు. నేను ఆయన మాట ఇటూ, వీళ్ల మాట అటూ చెప్పేవాణ్ణి. ఆయనకు పడవ నడిపిన సరంగు మా ఒడ్డువాడే. వాడు రెండు రోజులు చూసి చూసి నా దగ్గరికి వచ్చాడు.

"ఏంటండీ బాబూ, ఈ దొరగారికి వంటోడు లేడేంటండీ?"

"ఉన్నాడు."

"మరి రొయ్యల్ని కుండలో ఎయ్యకుండా సీసాలో ఎయ్యడవేంటండీ?"

"తినడానికి కాదురా. వాటిని పుస్తకంలోకి ఎక్కిస్తారు."

"రొయ్యనా?" అని వాడు నోరు తెరిచాడు. "మా తాత పేరే ఏ పుస్తకంలోనూ లేదండి బాబూ!"

దొర ఉత్తరపు ఒడ్డు చూసి వస్తానని పది రోజుల ప్రయాణం కట్టాడు. వెళ్లేటప్పుడు సరంగు చేతికి ఒక సీసా ఇచ్చాడు, నిండా సారాతో. మీ భాషలో పేరు లేని రొయ్య ఏదైనా వలలో పడితే ఇందులో వేసి ఉంచమన్నాడు. నేను ఆ మాట తెలుగులో రెండుసార్లు చెప్పాను. వాడు రెండుసార్లూ తల ఊపాడు.

నాలుగో రోజు పొద్దున్నే సరంగు ఆ సీసా పట్టుకుని కొటారుకు వచ్చాడు. అందులో ఉప్పునీళ్లూ, మూడు రొయ్యలూ ఉన్నాయి. మేం రొయ్య తినేవాళ్లం కాదు. నేను మూరెడు దూరంలో నిలబడి, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని చూశాను. అయినా బాగా చూశాను. ఒళ్లు గాజులా ఉంది, అవతల సీసా పట్టుకున్న సరంగు వేలు కనబడుతోంది. ప్రతి కాలికీ నీలం పట్టీలు, అప్పుడే గాజులు తొడిగించుకుని వచ్చినట్టు. మీసాలు సీసాలో పట్టక చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

"దీని పేరేమిటి?"

"లేదండి. మా అత్తనడిగానండి. ఆవిడకి తెలీదంటే సముద్రానిక్కూడా తెలీదండి."

"బాగుంది. మరి ఇందులో సారా ఏదిరా?"

"ఎండకి ఆవిరైపోయిందండి."

"మూత బిగించి ఉంది కదా?"

"మూత తీశాకే ఆవిరైందండి." వాడు ఒక అడుగు వెనక్కి వేసి మరీ ఈ మాట అన్నాడు, నోటి వాసన నాదాకా రాకుండా. "ఓ గుప్పెడు ఉప్పిప్పించండి బాబూ, దొరగారొచ్చేదాకా పాడవకుండా ఉంటాయి."

నేను వాడికి నిబంధన వివరించాను. ముద్ర వేసిన గుట్టలోంచి గుప్పెడు తీయాలన్నా పైవారి ఉత్తర్వు కావాలి. ఉత్తర్వుకు అర్జీ పెట్టాలి. అర్జీలో కారణం చూపాలి. రొయ్యలకు ఉప్పు ఇవ్వవచ్చునని చట్టంలో ఏ సెక్షనులోనూ లేదు. వాడు నా వెనకాల ఉన్న గుట్టల్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి, చివరికి నన్ను చూశాడు.

"ఇంత ఉప్పు మధ్యన కూచుని తమరింత చప్పగా ఎలా ఉన్నారండీ?" అన్నాడు.

సాయం చేయలేదన్న మాట పడకూడదని, నా చేతిలో ఉన్న సాయం నేను చేశాను. ఒక కాగితం తీసుకుని, "ఈ సీసాలోని మూడు రొయ్యలను నేను స్వయముగా చూచితిని. సముద్రము నుండి వచ్చినవి వచ్చినట్లే యున్నవి" అని ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, గంజితో సీసాకు అంటించాను. నిజమే రాశాను. ఆ గడియకు అది అక్షరాలా నిజం. ఆ మధ్యాహ్నమే మా ఆవిడ మొక్కు తీర్చడానికి బండి కట్టించుకుని అన్నవరం వెళ్లిపోయాం.

తిరిగి వచ్చేసరికి దొర వచ్చి, సీసా తీసుకుని, అందులో మళ్లీ సారా పోయించి, చెన్నపట్నం వెళ్లిపోయాడు. నా పేర చీటీ పెట్టి వెళ్లాడు. ఏ సముద్రంలోనూ ఇలాంటి రొయ్యను చూడలేదనీ, నా ధ్రువపత్రం చాలా ఉపకరించిందనీ అందులో రాశాడు. ఆ చీటీ నేను చూపించని మనిషి లేడు. మా ఆవిడకు మూడుసార్లు చదివి వినిపించాను.

"మనం ముట్టనే ముట్టం కదండీ, దాని గొడవ మనకెందుకండీ?" అంది.

"శాస్త్రం," అన్నాను.

"శాస్త్రమైతే స్నానం చేసి రండి, వాసనొస్తున్నారు," అంది.

ఏడాది తిరిగాక పుస్తకం పోస్టులో వచ్చింది. మాట నిలబెట్టుకున్న దొర; ఆ మేరకు నాకు ఆయన మీద గౌరవం ఉంది. సాయంకాలం పని అయ్యాక, పల్లెలో వాళ్లందర్నీ కొటారు ముందు కూర్చోబెట్టి, నేను పీట మీద కూర్చుని, మన రొయ్య ఉన్న పేజీ తీసి, ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చదవడం మొదలుపెట్టాను.

"శరీరము ఆసాంతము పసుపు వన్నె."

నేను తప్పు చదివానేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. పసుపే.

"మీసములు బొత్తిగా లేవు. ఇది మిక్కిలి వింత. నుదుట గుండ్రని ఎర్రచుక్క కలదు. మూడింటికిని ఒకే స్థలమున నున్నందున ఇది జాతిలక్షణమనుటకు సందేహము లేదు."

సరంగు మెల్లగా లేచి వాళ్ల అత్త వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆ ముసలమ్మ మాత్రం చేత్తో మోకాలు చరుచుకుని, "సరిగ్గానే రాశాడే దొర! నేనెట్టినట్టే ఉంది!" అంది.

"ఏం పెట్టావవ్వా?" అన్నాను.

"బొట్టు బాబూ. కొత్త పడవొస్తే పసుపు రాసి బొట్టెట్టమా? కొత్త వలకెట్టమా? గంగమ్మ తల్లి ఇన్నాళ్లకి ఓ కొత్త పిల్లని పంపిస్తే ఉత్త మొహంతో సీసాలోకి తోసేస్తామా? నూనెతో మెదిపి మరీ పెట్టాను, చెరక్కుండా."

"మీసాలు?"

"ఆడపిల్లకి మీసాలేంటి బాబూ! కత్తిరించేశాను."

"దానికి పసుపు అంత దట్టంగా ఎందుకు రాశావవ్వా? చిటికెడు చాలదా?"

"ఉప్పుంటే చిటికెడే చాలును," అంది, నా కళ్లలోకి చూస్తూ. "ఉప్పు తమరివ్వలేదంట కదా. కుళ్లిపోద్దేమోనని దోసెడు పట్టించి, రెండు రోజులు నీడన ఆరబెట్టాను."

అప్పుడు నవ్వడం మొదలుపెట్టిన పల్లె ఇప్పటికీ ఆపలేదు. మర్నాటి నుంచి చేపల గంపలతో పోయే ఆడవాళ్లు మా అరుగు ముందు ఆగి, "గుమాస్తాగారూ, ఇయ్యాల బొట్టు రొయ్యలు పడలేదండీ!" అని మరీ చెప్పి వెళ్లేవారు. కాలవ మీద పడవలో పోయేవాళ్లు కూడా తెరచాప దించి, "బొట్టు గుమాస్తాగారి ఊరు ఇదేనా?" అని అడిగేవారు. నవ్వుకోనీ. నవ్వు గాలికి పోతుంది, అచ్చు పోదు. నాకు కావలసింది ఒక్కటే: ఆ మూడు వాక్యాలైనా దిద్దాలి, లేదా వాటి కింద నా సాక్ష్యమైనా కొట్టివేయాలి.

ఉత్తరం రాశాను. "సదరు రొయ్య పసుపు రంగుది కాకపోగా" అని మొదలుపెట్టి, "దిద్దని యెడల ఎవడైనను శిక్షార్హుడు" అని ముగించాను. జవాబు లేదు. రెండోది ఇంకా గట్టిగా రాశాను. మూడోది దొరకు కాక, చెన్నపట్నంలో ఆ సీసాలన్నీ దాచి ఉంచే కచేరీకి రాశాను. పసుపూ కుంకుమా కత్తెరా, ముసలమ్మ చెప్పింది చెప్పినట్టు మొత్తం ఎక్కించాను. ఉప్పు సంగతి కూడా దాచలేదు.

"ఇన్ని ఉత్తరాల్లో ఆ దొరగారు ఎలా ఉన్నారని ఒక్కసారైనా అడిగారాండీ?" అంది మా ఆవిడ.

అడగలేదు. అది ఇంగ్లీషులో ఎలా అడగాలో నాకు తెలియదు.

నాలుగోసారి ఉత్తరంతో సరిపెట్టలేదు. నిజమైన రొయ్యనే పంపుదామనుకున్నాను. కాకినాడ ఆసుపత్రిలో కాంపౌండరు కాళ్లావేళ్లా పడి సీసాడు సారా సంపాదించి, మూత మీద లక్కతో ముద్ర వేసి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. సరంగును వెంటబెట్టుకుని, మొదటి మూడు రొయ్యలు పడిన మొగకే వెళ్లాను. పదకొండు రోజులు మోకాలి లోతు నీళ్లలో గొడుగు వేసుకుని నిలబడ్డాను. వల లాగిన ప్రతిసారీ వాడు, "తమరు తిననే తినరు, దీనికోసం ఈ తిప్పలేంటండీ," అనేవాడు. "నా సంతకం కోసం," అనేవాణ్ణి. పన్నెండో రోజు పడింది. గాజు ఒళ్లు, నీలం పట్టీలు, ఇంతేసి మీసాలు. నా చేతులతో ముట్టుకున్నాను, జీవితంలో మొదటిసారి. మెత్తగా, చల్లగా ఉంది. ప్రాయశ్చిత్తం సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

సీసాలో వేసి మూత పెట్టబోతుంటే ఒడ్డున ముసలమ్మ కనబడింది. చేతిలో పసుపు కుంకుమల బరిణె.

"వద్దవ్వా!"

"ఒక్క చుక్క బాబూ. పరాయి ఊరు పోతోంది పిల్ల."

"చుక్క లేదు, ఏమీ లేదు. దగ్గరికి రాకు!"

"చూసినోళ్లు ఏవనుకుంటారు బాబూ? దీనికెవరూ లేరనుకోరూ?"

గొడుగు అడ్డం పెట్టాను. ఆవిడ అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. డెబ్బై ఏళ్ల మనిషి, నాకంటే చురుకు. చివరికి సరంగు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంటే, నేను మూత బిగించి నాలుగు చోట్ల ముద్రలు వేశాను. ఆవిడ కోపం పట్టలేక నా గొడుగుకు బొట్టు పెట్టి వెళ్లిపోయింది.

నాలుగో ఉత్తరంతో సీసా చెన్నపట్నం కచేరీకి వెళ్లింది. ఒక వర్షాకాలం పోయింది, రెండోది కూడా వచ్చింది. నేను కొలువు మానుకున్నాను. ఇక రాదనుకున్న జవాబు ఒక రోజు సర్కారు ముద్రతో వచ్చింది. అరుగు మీద నిలబడే ముద్ర చించి చదివాను. దాన్ని ఒక్క మాట పొల్లుపోకుండా తెలుగులో ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అయ్యా, తమ ఉత్తరములు నాలుగును, సీసా ఒకటియు చేరినవి. పుస్తకము వ్రాసిన దొరవారు స్వదేశమునకు వెళ్లినందున మేము బదులు వ్రాయుచున్నాము. తమరు పంపిన రొయ్యకు మీసములును నీలి పట్టీలును ఉన్నవి. పసుపు వన్నెయు, నుదుట చుక్కయు లేవు. కావున ఇది పుస్తకములోని రొయ్య కాదని స్పష్టము. దీనిని వేరొక కొత్త జాతిగా దాఖలు చేసితిమి. మొదటి రొయ్యను గూర్చి తమరు పెట్టిన అభ్యంతరమును కూడ విచారించితిమి. ఆ సీసాను తెప్పించి చూడగా అది నేటికిని పసుపుగానే యున్నది. ప్రత్యక్షముగా చూచి వ్రాసిన గుమాస్తా పత్రము ఉండగా, ఒక ముసలమ్మ మాటపై దానిని త్రోసివేయుటకు మాకు అధికారము లేదు. అట్టి పసుపు రొయ్య ఆ తరువాత ఎవరికిని దొరకలేదు గనుక, అది మిక్కిలి అరుదైన జాతియని నిర్ణయించడమైనది. తమకు మరల కనబడిన యెడల వెంటనే తెలియజేయవలెను."