ఎర్రదారం కుట్టు

మా పెదనాన్న తొంభై మూడేళ్లు బతికాడు. అందులో యాభై రెండేళ్లు పేపర్లో రిపోర్టరుగా పనిచేశాడు. ఎవరైనా ఏదైనా దాస్తున్నారంటే ఆయనకి నిద్రపట్టేది కాదు. ఇంట్లో మాత్రం కళ్లజోడు నెత్తిన పెట్టుకుని గదులన్నీ గాలించేవాడు. "ఊరందరి గుట్టూ రట్టు చేసే మనిషికి సొంత కళ్లజోడు దొరకదు" అని పెద్దమ్మ ఎగతాళి చేసేది.

యాభై దాటాక ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ ఆఫీసు కాగితం చేతికొచ్చినా పెన్సిలుతో మొత్తం తిరగరాసుకుని, అసలుది వెంటనే వెనక్కి ఇచ్చేసేవాడు. ఫొటో తీయనిచ్చేవాడు కాదు. చాదస్తమని పేపరాఫీసులో నవ్వుకునేవాళ్లు. ఎందుకో నాకొక్కదానికే చెప్పాడు, అదీ తొంభై దాటాక.

ఆయనకి పేరు తెచ్చిన వార్త మంచినీళ్లది. కుళాయి నీళ్లలో మురుగు కలుస్తోందని పరీక్షల్లో తేలితే, నీటి ఆఫీసులో పెద్దలు ఆ రిపోర్టులు మార్పించేశారు. అసలు రిపోర్టుల కట్ట పెదనాన్నకి తెచ్చిచ్చింది అక్కడి గుమాస్తా. పెదనాన్న అతని పేరు ఎక్కడా పొక్కనివ్వలేదు. కానీ జనం నమ్మాలని మొదటి పేజీలో ఆ కట్ట ఫొటో వేయించాడు. నీటి ఆఫీసులో అందరూ కాగితాలకి ఓ మూల ట్యాగు కట్టి వదిలేసేవాళ్లు. ఆ గుమాస్తా ఒక్కడే పుస్తకం కుట్టినట్టు అంచు పొడవునా ఎర్రదారంతో కుట్టేవాడు. మధ్యాహ్నానికల్లా అతని ఉద్యోగం ఊడింది.

"ప్రతి అక్షరం మూడుసార్లు చూసుకున్నానే. దారం చూసుకోలేదు" అన్నాడు పెదనాన్న.

రిపోర్టులు మార్పించింది ఎవరో రెండో భాగంలో రాస్తామని ఆ వార్త కిందే వేశారు. దానికి కావాల్సిన కాగితాలు గుమాస్తా ఇంట్లో ఉన్నాయి. అవి బయటికొస్తే అతన్ని జైల్లో పెడతారని భయపడి పెదనాన్న రెండో భాగం ఆపేశాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు అతని గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు. పిలవకపోయినా ఎవరి గుమ్మమైనా తొక్కే మనిషికి! వింటుంటే నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. "క్షమాపణ అడక్కుండా పోతే నాకు శాంతి ఉండదే" అన్నాడు. మర్నాడే కారు పిలిపించాను.

గుమాస్తా బజారు వెనక సందులో పుస్తకాల బైండింగు చేసుకుంటున్నాడు. ఎనభై దాటినా సూది పట్టిన చెయ్యి వణకడం లేదు. పెదనాన్న దారిపొడవునా మనసులో అనుకున్నదంతా గుమ్మంలోనే మర్చిపోయి, "నన్ను క్షమించవయ్యా" అన్నాడు.

అతను చేతికంటిన జిగురు తుడుచుకుని స్టూలు వేశాడు. "కూర్చోండి రిపోర్టరు గారూ. దారం సంగతేనా? మొదట్లో మిమ్మల్ని తిట్టుకున్న మాట నిజమే. పొరపాటు ఎవరైనా చేస్తారు. రెండో భాగం ఎందుకు ఆపేశారు?"

"నీకేమన్నా అవుతుందనయ్యా."

"నన్నొక్క మాట అడిగారా? ఉద్యోగం ఎలాగూ పోయింది. దేనికోసం పోగొట్టుకున్నానో ఆ పనీ కాకపోతే, ఇంట్లోవాళ్లకి ఏం చెప్పుకోను?"

జీవితమంతా ప్రశ్నలడిగి బతికిన మనిషి, అడగాల్సినవాణ్ణి అడగలేదు. తల దించుకుని కూర్చున్నాడు. ఆయన్ని అలా చూడటం నాకు కష్టమనిపించింది.

గుమాస్తా లేచి, బీరువా మీంచి ఒక కట్ట దించి ఆయన ఒళ్లో పెట్టాడు. రిపోర్టులు మార్చమని పెద్దలు సంతకాలు చేసిన కాగితాలు. అంచు పొడవునా ఎర్రదారం, రంగు వెలిసింది. పెదనాన్న అలవాటుగా జేబులోంచి పెన్సిలు తీశాడు.

"అదక్కర్లేదు" అన్నాడు గుమాస్తా. "ఈసారీ ఫొటోనే వేయండి. కుట్టు బాగా కనపడాలి."