శుక్రవారం పెట్టిన కంపెనీ

పొద్దున్నే గోడ క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపి, రాహుకాలం వంటింటికి వినపడేలా చదవడం ఈశ్వరయ్య పని. నిరుడు ఆయన కన్నుమూశాక ఆ రెండూ భార్య శాంతకుమారి మీద పడ్డాయి. నంద్యాలలో వాళ్లు పెట్టుకున్న ఆళ్లగడ్డ రాతిబొమ్మల అంగడికి ఈమధ్య అమెరికా నుంచి బేరాలొస్తున్నాయి. అక్కడే ఒక కంపెనీ పెడితే అమ్మకం సులువని కూతురు జాహ్నవి పోరు పెట్టింది. ఏ పని మొదలుపెట్టాలన్నా ఈశ్వరయ్య గురువారమనేవాడు, శాంతకుమారి శుక్రవారమనేది. అది ముప్పై ఏళ్ల తగువు. ఈ కంపెనీ తన పేరు మీద కాబట్టి ఆమె పట్టుబట్టి శుక్రవారం దాకా ఆగింది. తలస్నానం చేసి, ల్యాప్‌టాప్‌కు కుంకుమ బొట్టు పెట్టి, పొద్దున ఎనిమిదింటికి కళ్లు మూసుకుని, కంపెనీ నమోదు దరఖాస్తు పంపే మీట తానే నొక్కింది. కాసేపటికే కంపెనీ నమోదైనట్టు పత్రం వచ్చింది. పక్కనే కూర్చున్న జాహ్నవి అది చదివి నవ్వింది.

"ఏందే, నవ్వుతాండావ్?"

"అమ్మా, దీంట్లో గురువారం తేదీ పడుండాది. ఆడ అమెరికాలో ఇంకా నిన్న రాత్రే."

"మార్చమని చెప్పు."

"మార్చరంట."

"పోయినంక కూడా మీ నాయన మాట నెగ్గించుకున్యాడు సూడు," అంటూ ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"హడావుడిలో క్యాలెండర్ కాగితం చింపల్యా నువ్వు."

శాంతకుమారి గోడ దాకా వెళ్లింది. గురువారం కాగితం అంచును వేలితో సాపు చేసి, "ఉండనీలే," అంటూ వంటింట్లోకి నడిచింది.