ఉప్పు దొంగ వెంకటరమణ

వెంకటరమణ కంట ఉప్పు పడిందా, అది ఆయన జేబులో పడ్డట్టే. పరాయి సొమ్ము పైసా ముట్టడు, లంచమంటే ఆమడ దూరం పారిపోతాడు. ఉప్పు డబ్బా కనబడితే మాత్రం చేతికి దయ్యం పట్టేది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆయన అడ్మిన్ ఆఫీసరు, ప్రొద్దుటూరు మనిషి. పొద్దున ఇస్త్రీ చొక్కాతో వచ్చి, సాయంత్రం జేబులు ఉబ్బించుకుని ఇంటికి పోయేవాడు.

అంతా హెడ్డాఫీసు పంపిన సర్క్యులర్‌తో మొదలైంది. బీపీ రాకుండా ఉద్యోగులందరూ ఉప్పు తగ్గించాలట! అలాంటి కాగితాన్ని ఏం చేయాలో లోకానికంతా తెలుసు. నోటీసు బోర్డుకు గుచ్చి, దాని మీద క్రికెట్ పోటీల కాగితం గుచ్చాలి. ఈ మహానుభావుడు అమలు చేశాడు.

దాంతో చంద్రమ్మ కొంప మునిగింది. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన చంద్రమ్మది క్యాంటీన్‌లో వంట. భర్త ఓదెలు అదే కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, రెండు పూటలా అక్కడే తింటాడు. ఒకప్పుడు ఆమె పప్పుచారు కోసం పక్క కంపెనీవాళ్లు కూడా గోడ దూకి వచ్చేవాళ్లు. ఇప్పుడు సొంత కంపెనీవాళ్లే అటు దూకుతున్నారు.

"సార్, నా ఉప్పు డబ్బా ఏది?"

"ఏ ఉప్పమ్మా?"

"మీ జేబుల నుంచి రాలుతున్నది సూడుండ్రి, గా ఉప్పు!"

"ఇదా? ఇది సుద్దపొడి గదమ్మా."

"అయితే జర నాకి సూపెట్టుండ్రి!"

"నాకకూడదు. సర్క్యులర్ ఉంది."

చంద్రమ్మ ఊరుకునే మనిషా! బియ్యం డ్రమ్ములో దాచింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాడు. చక్కెర డబ్బాలో దాచింది. అది ఆయనకు దొరకలేదు గానీ, ఆ రోజు ఎండీ గారి టీ సముద్రమైపోయింది. చివరికి దేవుడి పటం వెనక దాచింది. చెప్పులు విప్పి, దండం పెట్టుకుని మరీ ఎత్తుకుపోయాడు.

"అన్నీ ఏసి సూడు, నన్నేసి సూడు అంటదట ఉప్పు. ఈయన కాడ నోరు మూసుకున్నది!" అని చంద్రమ్మ మొగుడి దగ్గర మొత్తుకునేది. ఓదెలు మాత్రం కిక్కురుమనకుండా చప్పటి కూర తిని, చెయ్యి కడుక్కునేవాడు.

తెలంగాణ ఉద్యమం ఉరకలెత్తుతున్న రోజులవి. ఒకనాడు వంటా వార్పుకు పిలుపొచ్చింది. నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే అందరూ పంక్తిలో కూర్చుని తిని నిరసన తెలపాలి. హైటెక్ సిటీ రోడ్డు మీద వంట చంద్రమ్మకు అప్పజెప్పారు. టీవీవాళ్లు వస్తారు, ఊళ్లో చుట్టాలంతా చూస్తారు. ఆమెకు నేల మీద కాలు నిలవలేదు.

"సార్, మీకు దండం పెడ్త. ఈ ఒక్క దినం నా ఉప్పు ముట్టకుండ్రి. నా ఇజ్జత్ పోతది," అని ముందే చెప్పింది.

సాంబారు తెర్లుతోంది. చంద్రమ్మ చెయ్యి చాపింది. ఉప్పు సంచి లేదు!

"నా ఉప్పేదీ!" అన్న కేక మియాపూర్ దాకా వినబడి ఉంటుంది.

ఉద్యమ నాయకుడు లింగయ్య మైకందుకున్నాడు. "మన నీళ్లు పాయె! మన కొలువులు పాయె! ఇయ్యాల మన ఉప్పు గూడ పాయె! ఇది ముమ్మాటికి కుట్ర!"

జనం నలుమూలలా వెతికారు. ఫ్లైఓవర్ స్తంభం వెనక, ఉప్పు సంచిని చంటిపిల్లలా చంకనేసుకుని దొరికాడు వెంకటరమణ.

"ఎందుకు ఎత్కపోయినవ్?" లింగయ్య కాలర్ పట్టుకున్నాడు.

"సర్క్యులర్..."

"రోడ్డుకు గూడ సర్క్యులరా? ఏ జిల్లా నీది? కడపనా?"

"ప్రొద్దుటూరప్పా."

"గదే గద!"

చేతులు లేచాయి. వెంకటరమణ ఒకసారి ఓదెలు వైపు, ఒకసారి జనంలో నిలబడ్డ సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్ స్వామి వైపు చూశాడు. నోరు మాత్రం విప్పలేదు.

"ఆగుండ్రి!" ఓదెలు జనాన్ని తోసుకుని వచ్చాడు. "సార్‌ను ముట్టకుండ్రి. నాకు బీపీ ఉన్నది!"

అంతా చల్లబడ్డారు. బీపీ ఉందని తెలిస్తే ఏజెన్సీ గార్డును తీసేస్తుంది. ఆ సంగతి తెలిసే, వెంకటరమణ గుట్టుగా తనే మాత్రలు తెచ్చిస్తున్నాడు. ఒక్క ఓదెలుకే చప్పిడి తిండి పెడితే అందరూ పసిగడతారని, సర్క్యులర్ అడ్డం పెట్టుకుని కంపెనీకంతా చప్పిడి తిండి పెట్టించాడు! ఇవాళ ఓదెలు ఈ పంక్తిలోనే తింటాడని సంచి కూడా ఎత్తుకొచ్చాడు.

"నాకెందుకు చెప్పలే?" అంది చంద్రమ్మ.

"నీకు చెప్తే మైకుల చెప్పినట్టే గద!" అన్నాడు ఓదెలు.

"నా నోరు గంత పెద్దదా?" అని ఆమె అరిచిన అరుపుకు ఫ్లైఓవర్ మీద బస్సు ఆగింది.

ఇప్పుడందరూ స్వామి వైపు తిరిగారు. "ఓదెలును తీసేస్తవా? ముందుగాల నీది సూపియ్!" అన్నాడు లింగయ్య. వెంకటరమణ బ్యాగులోంచి బీపీ మిషన్ తీశాడు.

"రోంత కుదురుగా కూర్చో స్వామీ."

"ఎంతున్నది సార్?"

"ఓదెలు బీపీకి పెద్దన్న."

"అయ్యో! ఎవలకు చెప్పకుండ్రి, నా కొలువు పోతది!" అన్నాడు స్వామి, లింగయ్య చేతిలో మైకు ఆన్‌లో ఉందని చూసుకోకుండా. రోడ్డంతా ఘొల్లుమంది. ఇంకెవర్ని తీసేస్తాడు పాపం! లింగయ్య తన చొక్కా చెయ్యి మడుచుకుని వెనక నిలబడ్డాడు. ఆ వెనక బందోబస్తు కానిస్టేబుల్, ఆ వెనక జనం.

ఆ రోజు సాంబారు రెండు గంగాళాలైంది, ఒకటి ఉప్పుది, ఒకటి చప్పటిది. వడ్డిస్తూ చంద్రమ్మ వెంకటరమణ ముందు ఆగింది.

"మీకు బీపీ ఉన్నదా సార్?"

"లేదమ్మా."

"మరి మీరెందుకు మాతోపాటు చప్పిడి తిన్నరు?"

"ఊరందరికీ చప్పిడి పెట్టి, నేనొక్కణ్ణి ఉప్పూ కారం తింటే బాగుంటాదా?"

చంద్రమ్మ ఆయన విస్తట్లో ఇంత ఆవకాయ బద్ద వేసింది. ఆయన అటూ ఇటూ చూసి, నాలిక్కి రాసుకుని, కళ్లు మూసుకున్నాడు.

లేచేటప్పుడు చంద్రమ్మ ఉప్పు సంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "దొంగ చేతికి తాళాలిచ్చుడంటే గిదే. ఇగ ఇది మీ కాడనే ఉండనియ్యుండ్రి. కూరకెంత పడాల్నో మీరే ఎయ్యుండ్రి."

వెంకటరమణ సంచి అందుకున్నాడు. చంద్రమ్మ అటు తిరగ్గానే, గబుక్కున గుప్పెడు తీసి జేబులో వేసుకున్నాడు.

"సార్!" వెనక్కి చూడకుండానే అరిచింది చంద్రమ్మ. "గది మీదే!"