గుంతలు వెతుక్కుంటూ పోయిన సైకిలు

మొన్న ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తూ నిలబడి ఉంటే, చాయ్ కోసం ఆగిన యువకుడొకడు "అంకుల్, జర పట్టుకుంటరా, ఒక్క నిమిషం" అని తన సైకిలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు. సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. పందెం సైకిలు. ఊరికే చూద్దామని ఒంటిచేత్తో ఎత్తాను. మా మనవరాలి స్కూలు సంచీ ఇంతకంటే బరువుంటుంది. అతను చాయ్ ముగించి వచ్చేసరికి నేను సైకిలు పక్కన వంగి, దాని అతుకులు ఎక్కడున్నాయా అని వెతుకుతున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఇప్పటివి కార్బన్‌వట, అచ్చులోంచి తీసినట్టు వస్తాయట. అతను నన్ను కాస్త అనుమానంగా చూసి, సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పుస్తకాలేమీ కొనకుండానే ఇంటిదారి పట్టాను. దారంతా మా బావే గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగంతోపాటు హైదరాబాదు వచ్చి స్థిరపడినవాడు. బావది మెదక్ వైపు పల్లె. పెళ్ళయిన కొత్తలో అత్తగారు సిల్వర్ గిన్నె తెమ్మంటే మా అక్క వంటిల్లంతా వెండిగిన్నె కోసం వెతికిందట. మేము సత్తుగిన్నె అనేదాన్నే వాళ్ళు సిల్వర్ అంటారని ఆమెకు అప్పటికి తెలియదు. ఆ లోహమే బావ జీవనాధారం. మొదట్లో పాల ట్యాంకర్లు తయారుచేసే కర్మాగారంలో అల్యూమినియం వెల్డింగ్ చేసేవాడు. తర్వాత నాంపల్లి స్టేషన్ దగ్గర గల్లీలో సొంతంగా చిన్న షాపు పెట్టి కిటికీలు, తలుపులు, ఆఫీసులకు అడ్డగోడలు చేయడం మొదలుపెట్టాడు. ఆబిడ్స్‌లో నా కళ్ళజోళ్ళ దుకాణానికి తలుపు ఆయన చేసిందే. చిటికెనవేలితో నెడితే తెరుచుకునేది. మనిషి మాత్రం భారీ. మాట తక్కువ, తిండి ఎక్కువ.

ఆయన ఒక్కగానొక్క కూతురు, అంటే మా మేనకోడలు, కాలేజీలో చేరాక సైకిలు పందేల పిచ్చిలో పడింది. పొద్దున్నే ఇనుప సైకిలు మీద శిక్షణకు పోయేది. మంచి పందెం సైకిళ్ళు విదేశాల నుంచి రావాలి, అవి మా అందరి స్తోమతకూ మించినవి. ఒకరోజు అన్నం తింటూ ఆ పిల్ల, "నాన్నా, నువ్వు పాల ట్యాంకరే చేసినవ్. నాకొక సైకిల్ చెయ్యలేవా?" అంది. ఆ వారంలోనే బావ టేపు తెచ్చి, దర్జీ కొలిచినట్టు ఆమె చేతులూ కాళ్ళూ భుజాలూ కొలిచాడు. బెంగుళూరు నుంచి పలుచని అల్యూమినియం గొట్టాలు తెప్పించాడు. సాయంత్రాలు దుకాణం కట్టేసి నేను నాంపల్లి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని చూస్తుండేవాణ్ణి. "బామ్మర్దీ, ఇనుము ఎర్రగై చెప్తది, నాకు వేడెక్కిందని. ఇది చెప్పది. రంగు మారకుండనే సప్పుడు జేయక జారిపోతది" అనేవాడు. పాడైన గొట్టాలు ఒక మూల చేరాయి. చివరికి చేప పొలుసుల్లాంటి సన్నని అతుకులతో ఫ్రేము తయారైంది. ఎవరో అమ్మేసిన పాత పందెం సైకిలు చక్రాలూ గేర్లూ కొని బిగించారు. "సత్తుగిన్నెల సైకిలు" అని వెక్కిరిస్తూనే మా అక్క దానికి బొట్టు పెట్టింది.

మేనకోడలు హ్యాండిలు పట్టుకోగానే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడే గాదు. ముందుగల నేను తొక్కాలె."

తర్వాత నాంపల్లి గల్లీ జనానికి రోజూ పొద్దున ఉచిత వినోదం దొరికింది. సన్నగా పొట్టిగా ఉండే పిల్ల కొలతలకు చేసిన సైకిలు మీద ఆ భారీకాయం మోకాళ్ళు చెవులకు తగిలేలా వంగి కూర్చుని బయల్దేరేది. ఈ ఊళ్ళో బండి నడిపేవాళ్ళందరూ గుంతలు తప్పించుకుంటూ పోతారు. మా బావ వెతుక్కుంటూ పోయేవాడు. ఆబిడ్స్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఏ మలుపులో ఏ గుంత ఉందో ఆయనకు కంఠతా వచ్చేసింది. పైగా తన బరువు చాలదన్నట్టు వీపుకు బియ్యం సంచీ ఒకటి. ఇంటికి రాగానే సైకిలు తలకిందులు చేసి, ప్రతి అతుకు మీదా వేలితో తడిమేవాడు.

రాష్ట్రజట్టు ఎంపిక పోటీ దగ్గర పడింది. మేనకోడలు మొదట అడిగింది, తర్వాత బతిమాలింది. చివరికి నేనూ వెళ్ళి, ఇంతకాలం ఏమీ కాలేదు కదా, ఇచ్చెయ్యమని చెప్పాను.

"నా మీద నమ్మకం లేదా నాన్నా?" అందామె.

"నీ మీదున్నది. నా అతుకు మీదనే ఇంకా రాలేదు."

ఆమె ఆ పోటీకి ఇనుప సైకిలు మీదే వెళ్ళి, బాగా వెనకబడి తిరిగొచ్చింది. ఇంటికొచ్చి బూట్లు విప్పి మూలకు విసిరేసింది. ఆ తర్వాత తండ్రితో మాట మానేసింది. ఇద్దరిలో ఒక్కరికీ అన్నం సయించలేదు. మా అక్క ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి విసిగిపోయి, "ఆ సైకిలేదో అమ్మేయండి, మనశ్శాంతి" అంది. బావ మాత్రం పొద్దున్నే బియ్యం సంచీ కట్టుకుని వెళుతూనే ఉన్నాడు.

కొన్నాళ్ళకు చాదర్‌ఘాట్ వంతెన దిగుతుండగా సైకిలు విరిగింది. హ్యాండిలు కింది గొట్టం టక్కున తెగి, బావ రోడ్డు మీద పడ్డాడు. కుడి భుజం ఎముక విరిగింది. నేను దవాఖానకు పరిగెత్తేసరికి ఆయన మంచం మీద కూర్చుని, ఎడమచేత్తో విరిగిన ముక్క పట్టుకుని చూస్తున్నాడు. "అతుకు మంచిగనే ఉన్నది. దాని పక్కపొంటి తెగింది" అన్నాడు, నొప్పి మాటే ఎత్తకుండా.

మర్నాడు బావను ఇంటికి పంపేశారు. మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మేనకోడలు వరండాలో ఆ ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తెగిన అంచును వేలితో తడిమి చూస్తోంది. పోటీల్లో దిగుడు రోడ్ల మీద ఈ పిల్లలు ఎంత వేగంగా పోతారో నేను చూశాను. ఆ వేగంలో ఇది తెగి ఉంటే? కాసేపటికి ఆమె లేచి లోపలికి వెళ్ళి, పప్పన్నం కలుపుకొచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"నాతోటి మాట్లాడతలేవు గదా?" అన్నాడు బావ.

"మాట్లాడతలేను. తిను" అని ముద్ద నోట్లో పెట్టింది.

భుజం కాస్త కుదుటపడ్డాక బావ ఆ ముక్క పట్టుకుని పాత కర్మాగారంలోని మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహం మెత్తబడుతుందనీ, ఈ రకం గొట్టాలనైతే అతికిన తర్వాత సన్నని వేడిలో గంటల తరబడి ఉంచితే మళ్ళీ గట్టిపడతాయనీ ఆయన చెప్పాడు. పాల ట్యాంకర్ల మందపు రేకుకు ఆ అవసరం రాలేదు కాబట్టి బావకు అది తట్టలేదు. రెండో ఫ్రేము చేసేటప్పుడు మేనకోడలే నల్లద్దాల ముసుగు వేసుకుని గొట్టాలు పట్టుకుంది. తండ్రి కుడిచెయ్యి అలసినప్పుడల్లా ఇద్దరూ ఆగి చాయ్ తాగేవాళ్ళు. ఇక సన్నని వేడి ఎక్కడ దొరుకుతుంది? మా దుకాణం వెనక బేకరీలో మధ్యాహ్నంపూట భట్టీ ఖాళీగా ఉంటుంది. యజమాని ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూసి, "రొట్టెలు గాల్చినం, బిస్కెట్లు గాల్చినం. సైకిల్ గాల్చుడు ఇదే మొదలు" అని, నిప్పులన్నీ పక్కకు లాగించి దారి ఇచ్చాడు. మేమంతా భట్టీ ముందు బెంచీ మీద, పురిటిగది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం. ఫ్రేము ఖారా బిస్కెట్ల వాసనతో బయటికొచ్చింది.

బావ భుజానికి డాక్టర్లు సైకిలు వద్దన్నారు కనక ఈసారి గుంతల్లో పడే భాగ్యం నాకు దక్కింది. అప్పటికే నాకు బొజ్జ ఉంది, కాబట్టి బియ్యం సంచీ అక్కర్లేదన్నాడు బావ. రోజూ నా సవారీ అయ్యాక తండ్రీకూతుళ్ళు నా దుకాణంలోని భూతద్దం పెట్టి అతుకులు చూసేవాళ్ళు. తొందరపెడుతుందేమోనని నేను భయపడింది ఆ పిల్ల గురించే, బావ గురించి కాదు. ఆమె ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

మరుసటి ఏడు ఎంపిక పోటీలో ఆమె ఆ సైకిలు మీదే రెండోదిగా వచ్చి జట్టులో చేరింది. గీత దాటి సైకిలు దిగగానే బావ ముందు హ్యాండిలు కింద వేలితో తడిమి చూసి, ఆ తర్వాతే కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ సంగతి తెలిసి మరికొందరు ఆయనతో సైకిళ్ళు చేయించుకున్నారు. గుంతల పరీక్ష దాకా ఆగలేనివాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత కార్బన్ వచ్చింది, బావ మళ్ళీ కిటికీల్లో పడ్డాడు. మేనకోడలికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఆ సైకిలు మీద ఆమె తర్వాత ఇంకో ఇద్దరు అమ్మాయిలు పోటీలకు వెళ్ళారు. ఇప్పుడెవరి దగ్గరుందో తెలియదు.

ఆదివారం ఇంటికి రాగానే మేనకోడలికి ఫోన్ చేసి, తండ్రి సైకిలు ఇవ్వని ఆ మొదటి పోటీ ఏ ఊళ్ళో జరిగిందని అడిగాను. "వరంగలా? నిజామాబాదా? గుర్తు లేదు మామయ్యా. నాన్నకు ముద్దలు పెట్టింది మాత్రం గుర్తున్నది" అంది. ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ లోకమంతా తానే అయి కూర్చున్న పోటీని కాలం ఊరి పేరుతో సహా పట్టుకుపోయింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక మధ్యాహ్నపు పప్పన్నాన్ని మాత్రం మాకు అట్టేపెట్టింది.