నాగప్ప అతికిన పది వేళ్లు

దయ్యాలన్నా, మహిమలన్నా నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. మా ధర్మవరం వీధిలో ఎవరికైనా పూనకం వచ్చిందంటే ఊరంతా పరుగెత్తేది. నేను మాత్రం మగ్గం గుంటలోంచి తల ఎత్తేవాణ్ణి కాదు. ఇప్పుడు నేను చెప్పేది ఇంకొకరు చెప్తే, పోయి పని చూసుకోమని తరిమేసేవాణ్ణి. జరిగింది నా చేతులకు కాబట్టి నోరు మూసుకుని వినాల్సి వచ్చింది.

తొంభైల చివర్లో నా రెండు చేతులూ పాడయ్యాయి. మొదట వేళ్ల సందుల్లో దురద, తర్వాత పగుళ్లు, ఆ తర్వాత రసి. పొద్దున లేచేసరికి వేళ్లు దుప్పటికి అంటుకుని ఉండేవి. పీకితే పొర ఊడొచ్చేది. ఆ వాసన గురించి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చెంచాతో అన్నం తింటున్నా నా చెయ్యి చూసి నాకే డోకు వచ్చేది. ఛీ, ఇదీ ఒక చెయ్యేనా అనుకునేవాణ్ణి.

పట్టు నేసేవాడికి చేతులే బతుకు. ఒక మీగడరంగు చీర మీద నా వేలి రసి పడి మరకైంది. షావుకారు ఆ చీరను చేత్తో తాకకుండా కర్రతో పక్కకు నెట్టాడు. చేతులు బాగయ్యేదాకా మగ్గంలో దిగొద్దన్నాడు. నాకు వేరే పని రాదు. హిందూపురంలో చర్మం డాక్టరు చుట్టూ నెలల తరబడి తిరిగాను. ఆయన పూతమందులు మార్చాడు, మాత్రలు మార్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది.

మా అక్క సరోజ పెనుకొండలో ఉండేది. క్రైస్తవుణ్ణి పెళ్లి చేసుకుని తనూ ప్రార్థనకు పోయేది. అక్కడే ఒక చిన్న ధర్మాసుపత్రిలో ఆయా. మంచాన పడ్డ దిక్కులేని ముసలివాళ్లను చూసుకునే వార్డు ఆమెది. ఇంట్లో కూర్చుని ఏడుస్తున్నానని విని, కొన్నాళ్లు తన దగ్గరికి వచ్చి ఉండమంది. ఇంట్లో నా భార్య పద్మ కూడా నా చేతుల వైపు చూడలేక మొహం తిప్పుకుంటోంది. సరేనని ప్యాసింజర్ రైలెక్కాను.

ఆ వార్డు కంపు నేను జన్మలో మరిచిపోలేను. ఉచ్చ, ఫినాయిలు, పాచిపోయిన అన్నం, అన్నీ కలిసిన కంపు. దాని మధ్యలో మా అక్క నవ్వు. పక్కలో దొడ్డికి పోయినవాళ్లను కడుగుతూ నవ్వు, పుండ్లు తుడుస్తూ నవ్వు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పైగా నాకు నీతులు.

“నవ్వు మొగం పెట్టుకోరా శీనా. ఏడుపు మొగానికి మందు గూడా పట్టదు.”

“ఈ కంపులో నవ్వెట్లొస్తాదే నీకు?” అన్నాను.

“వాసన నాకు గూడా వస్తాదిరా. ముక్కు మూసుకుని కూచుంటే వాళ్ల మొగం చూసేదెవరు?” అని నా చేతికి రబ్బరు గ్లోవ్సు ఇచ్చింది. చివరి మంచం కాడికి పొమ్మంది.

ఆ మంచం మీద నాగప్ప అనే ముసలాయన ఉన్నాడు. హిందూపురం వైపు మనిషి. నడుం కింద కదలిక లేదు, చూపు కూడా లేదు. చేతులు మాత్రం ఆడేవి. ఎప్పుడు చూసినా దుప్పటి అంచుల్లోంచి దారాలు లాగి మెలేస్తూ ఉండేవాడు. పిచ్చి ముదిరి దుప్పట్లు చింపుతున్నాడని నర్సు ఆయన చేతులను మంచానికి కట్టేసింది.

నేను చూడగానే గుర్తుపట్టాను. అది పిచ్చి కాదు, పని. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోతే కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాత కొసలకు మెలేసి కలపాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని మెలేస్తారు. దాన్ని అచ్చు అతకడం అంటాం. వేల పోగులు, ఒకే చేతి మెలి ఉండాలి. అందుకే ఒకరు మొదలుపెట్టిన అతుకును వాళ్లే పూర్తి చెయ్యాలని మా వీధుల్లో గట్టి పట్టింపు. సగంలో లేచిపోయిన అతుకులవాణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు.

కట్లు విప్పాను. ఆయన ఒళ్లు తుడిచాను, పక్క మార్చాను, జావ తాగించాను. గొప్పతనమేమీ లేదు. రెండుసార్లు బయటికి పరుగెత్తి వాంతి చేసుకుని వచ్చాను. మూడో రోజు ఆయన నా చెయ్యి పట్టుకుని గ్లోవ్సు లాగేశాడు. నా ఎడమ బొటనవేలిని తడిమాడు. పోగనుకున్నాడు.

“బూడిద తేపో,” అన్నాడు.

మా అక్క నవ్వుతూ వేణ్ణీళ్ల పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చింది. పుండు మీద బూడిదేమిటే అని అరిచాను. అంతలోనే ఆయన వేళ్లు నా వేలిని పట్టేశాయి. కింది నుంచి పైకి మెలి, కొస దగ్గర చిన్న లాగు, చివర గోటితో ఒక నొక్కు. ఆ స్పర్శకు నాకు ఒళ్లు జలదరించింది, అసహ్యంతోనే. లాక్కోబోయాను.

“కదలాకప్పా, పోగు జారిపోతాది,” అన్నాడు.

సంగతి తెలిసి ఆ ఆసుపత్రి డాక్టరు తిట్టాడు. వేలు కడిగి మందు పూశాడు. ఆ మందు నేను ఎప్పటి నుంచో పూసుకుంటున్నదే. కానీ నాలుగు రోజుల్లో ఆ బొటనవేలు ఎండింది. మిగతా తొమ్మిదీ కారుతూనే ఉన్నాయి. మూడు నాలుగు రోజులకొక వేలు చొప్పున ఆయన వరుసగా పట్టాడు. అదే వరుసలో అవి మానుతూ వచ్చాయి. బూడిద వద్దని దాచేశాను. ఉత్త వేళ్లతోనే మెలేశాడు, అయినా మానింది. ఒక్కో వేలు అయినప్పుడల్లా పళ్లులేని నోరు తెరిచి నవ్వేవాడు. అయిదో వేలు అయిన రోజు నాకూ నవ్వొచ్చింది. ఎన్ని నెలలకు నవ్వానో నాకే తెలియదు. అక్క గుమ్మంలోంచి చూసి వెళ్లిపోయింది.

ఎనిమిది వేళ్లు మానాయి. కుడి చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మిగిలాయి. అప్పుడు వచ్చారు వార్డుకు ప్రార్థనవాళ్లు. నా సంగతి వాళ్ల చెవిన పడింది. సంతోషంతో సేవ చేస్తే స్వస్థత వస్తుందని ఆదివారం మైకులో సాక్ష్యం చెప్పమన్నారు. ఒకాయన నా చెయ్యెత్తి అందరికీ చూపించాడు, సంతలో ఎద్దు పళ్లు చూపించినట్టు. చెయ్యి లాక్కున్నాను. ముక్కు మూసుకుని కడిగినవాడిది సంతోషమా? అక్క మీద కూడా అరిచి, నాగప్పకు చెప్పకుండానే ఆ సాయంత్రం రైలెక్కేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో గడప దగ్గర కూర్చున్నాను. ఎదురుగా పద్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఉన్నట్టుండి నా ఉంగరపు వేలిని ఎవరో పట్టుకున్నారు. కింది నుంచి పైకి మెలి, కొస దగ్గర లాగు, గోటి నొక్కు. చెయ్యి లాక్కుందామంటే కదల్లేదు. తర్వాత చిటికెన వేలు. నిద్రలో లేను, జ్వరం లేదు. పద్మే చెప్పింది, నా రెండు వేళ్లు వాటంతటవే మెలి తిరిగాయని.

“అదేంది, ఆ వేళ్లకు బూడిద యాడిది?” అంది.

చూస్తే ఆ రెండు వేళ్లకే బూడిద ఉంది. మా ఇంట్లో కట్టెల పొయ్యి తీసేసి ఏళ్లయింది. పైగా పెనుకొండ నుంచి వచ్చాక రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగాను.

ఎస్టీడీ బూత్‌కు పోయి ఆసుపత్రికి ఫోన్ చేశాను. అక్క వచ్చి పలికింది. ఆ రోజు గొంతులో నవ్వు లేదు.

“రాత్రే పోయినాడురా. పోయేముందు పక్కంతా తడుముకున్యాడు. ఇంగా రెండు పోగులుండాయి, ఆయప్ప యాడికి పాయె అని ఒకటే కలవరింత. నా వేలిచ్చినా. ఇది కాదని వదిలేసినాడు.”

ఆ రెండు వేళ్లు నాలుగు రోజుల్లో ఎండాయి. నెల తిరిగేలోపు మళ్లీ మగ్గంలో దిగాను. హిందూపురం డాక్టరు చూసి, ఒక్కోసారి మందు ఆలస్యంగా పని చేస్తుందన్నాడు. చేస్తుందేమో. అక్కేమో దేవుడంటుంది, మనసులో కుళ్లు పోతే ఒంట్లోదీ పోతుందంటుంది. నాకు దేవుడి మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు. మైకులో సాక్ష్యాలు చెప్పేవాళ్లను చూస్తే ఇప్పటికీ రోతే.

కానీ అన్నిటికన్నా రోత నా మీద నాకే. కళ్లులేని ముసలాయన తన పని సగంలో వదలనని పక్కంతా వెతుక్కుంటుంటే, నేను నా పౌరుషం పట్టుకుని రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన మా ఇంటికి ఎట్లా వచ్చాడో నాకు తెలియదు. నేను ఎందుకు వచ్చేశానో మాత్రం బాగా తెలుసు.