వదిన దెబ్బ పడిన చోటు

మా వదినతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గొంతు పెంచదు, చెయ్యి తిప్పదు, ఊరికే వింటుంది. మనం చెప్పడం అయ్యేసరికి మన మాట మీద మనకే అనుమానం పుడుతుంది. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి, ముద్రలు కొట్టి రిటైరైన ఆ మనిషి యాభై తొమ్మిదో ఏట పికిల్‌బాల్ నేర్చుకుంది. టేబుల్ టెన్నిస్ బ్యాటుకి అన్నలాంటి ప్యాడిల్‌తో, చిల్లుల ప్లాస్టిక్ బంతిని పొట్టి నెట్ మీదుగా కొట్టే ఆట అది. ఇంట్లో అడుగు చప్పుడు కూడా వినిపించని ఆవిడని కోర్టులో అందరూ పిడుగు అంటారు. ఊరికే అనరు.

నాది ప్యాడిళ్లు చేసే చిన్న వర్క్‌షాపు. తేనెపట్టులా సన్నసన్న గదులున్న ప్లాస్టిక్ పలకకి రెండు వైపులా కార్బన్ రేకులు జిగురుతో అతికించి, అచ్చులో బిగించి వేడిచేస్తాను. ఆ ఏడాది దూకుడుగా ఆడేవాళ్ల కోసమే ఒకటి చేశాను. పిడి పొడుగు, రెండు చేతులూ పడతాయి. బరువంతా తలవైపు. ఆటసామాన్ల దుకాణం పెద్దాయన, వదిన ఆడిచూసి సరేనంటే తన షాపులో పెడతానన్నాడు. నా మాట చాలదట, ఆవిడ మాట కావాలట. ఒళ్లు మండింది గానీ నోరు మూసుకుని ప్యాడిల్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

మొదటి వారం, బాదడానికి బాగుంది గానీ నెట్ దగ్గర బంతిని మెత్తగా వేద్దామంటే మాట వినడం లేదంది. రెండో వారం, తల బరువుకి మణికట్టు లాగుతోందంది. రెండూ నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. మూడో వారం మాత్రం బంతి కంటికి ఆనలేదు. అవతలివాళ్లు ప్యాడిల్ ఎత్తేలోపే వెళ్లి వెనక కంచెకి తగిలేది. పక్క కోర్టుల వాళ్లు ఆట ఆపేసి నోళ్లు తెరుచుకుని చూశారు. నేనైతే గాల్లో తేలిపోయాను.

శనివారం క్లబ్బు ఫైనల్. వదిన ఫైనల్ దాకా రావడం అదే మొదలు. పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. ఆట మొదలవబోతుండగా ఆవిడ ప్యాడిల్‌ని చెవికి ఆనించి, కుండ కొనేటప్పుడు చూసినట్టు, వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టింది. తర్వాత నన్ను పిలిచి, సంచిలోంచి తన పాతది తీసి ఇమ్మంది.

"ఎందుకొదినా? నిన్నటిదాకా దీంతో అందర్నీ అదరగొట్టావుగా."

"అది దీని బలం కాదబ్బాయ్. లోపల అతుకు ఊడింది, రేకు స్ప్రింగులా తంతోంది. ఇలాంటిది ఆటలో ఒప్పుకోరు. అయినా, అవతలావిడ మొహానికి తగిలితే?"

ఒక్క గేమైనా ఆడమని బతిమాలాను. పెద్దాయన చూస్తున్నాడన్నాను, నా పొట్ట కొట్టొద్దన్నాను. ఆవిడ అంతా విని, పాతదాంతో కోర్టులోకి వెళ్లి, రెండే రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయి వచ్చింది.

కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. నా పనిలో లోపం లేదని అక్కడే తేల్చేస్తానని వదిననీ పెద్దాయననీ వర్క్‌షాపుకి లాక్కుపోయాను. ప్యాడిల్‌ని బల్లకి బిగించి, అంచున కత్తి దూర్చి, పై రేకు లేపాను.

మధ్యకి కాస్త పైన గదులన్నీ నలిగి పిండైపోయి ఉన్నాయి. టీ గ్లాసు బోర్లించి గీసినంత గుండ్రంగా, అంతే. దాని చుట్టూ ఒక్క గది కూడా చెక్కుచెదరలేదు. మూడు వారాలు, రోజూ వందల దెబ్బలు, పరిగెడుతూ, వంగుతూ, వెనక్కి జరుగుతూ కొట్టినవి, అన్నీ ఆ గ్లాసంత చోటులోనే పడ్డాయి. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ చెయ్యి ఎలాంటిదో తెలుసుకోలేకపోయినందుకు సిగ్గేసింది. దండం పెట్టాలనిపించింది.

ఇది అమ్మనని పెద్దాయన చెప్పాడు. ఇంకోటి చేస్తే మాత్రం మళ్లీ ఈవిడకే ఇవ్వమన్నాడు.

"ఆ చోట రెట్టింపు గట్టిగా చేస్తానొదినా" అన్నాను.

ఆవిడ నలిగిన చోటుని వదిలేసి, చుట్టూ ఉన్న గదుల్ని వేలితో తడిమింది.

"అంతా గట్టిగా చెయ్యి. కొనేవాళ్లు ఒకచోటే కొట్టరుగా."